తొమ్మిదో వరసలో రెండు గీతలు

మొన్న లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ఆఫీసుకు వెళ్ళాను. అదేనండి, నేను ఇంకా బతికే ఉన్నానని ఏడాదికోసారి ప్రభుత్వానికి నిరూపించుకునే కాగితం. అక్కడ కొత్తగా చేరిన ఒకమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని, మనుషుల పేర్ల పక్కన ఏదో పట్టిక నింపుతోంది. పై గడిలో ఒక మాట కొట్టింది. దాని మూల పట్టుకుని కిందికి లాగింది. పేజీ చివరిదాకా గళ్ళన్నీ అదే మాటతో నిండిపోయాయి. "ఎంత తేలికో చూశారా అంకుల్" అంది నవ్వుతూ. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల మీద కాదు. "ఆ మనుషుల్ని చూశావా అమ్మా?" అని అడిగాను. "ఏ మనుషుల్ని?" అంది. ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను.

కొత్తగా ఉద్యోగాల్లోకి వచ్చిన మీ కోసమే రాస్తున్నాను. ఇందులో ఎవరి పేరూ రాయను. పేరు రాస్తే ఆ ఒక్కడినీ నాలుగు తిట్టి, మీరు మంచివాళ్ళమని అనుకుని ఊరుకుంటారు. నాకది ఇష్టం లేదు.

డెబ్భైల్లో నా కాపురం తిరువూరులో, బస్టాండుకు దగ్గర్లో ఒక అద్దె వాటాలో ఉండేది. పనిచేసే తాలూకా ఆఫీసు బస్సులో గంట ప్రయాణం. అది ఏ ఊరో కూడా చెప్పను. ఆ ఆఫీసు ఆవరణలోనే ఒక సబ్‌జైలు ఉండేది. అప్పట్లో అలాంటి చిన్న జైళ్ళు రెవెన్యూ వాళ్ళ చేతి కింద నడిచేవి. తహసీల్దారు గారు పేరుకు సూపరింటెండెంటు. తాళాలు హెడ్ వార్డరు దగ్గర. పుస్తకాలు రాసే గుమాస్తాను నేను. నా బల్ల నుంచి జైలు గేటుకు ఇరవై అడుగులు ఉంటుంది. ఏడేళ్ళలో ఆ ఇరవై అడుగులు నేను నడిచింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

లోపలికి వచ్చే ప్రతి ఖైదీకి రిజిస్టరులో ఒక వరస. పేరు, తండ్రి పేరు, ఊరు, కేసు, పుట్టుమచ్చలు. చివర "ఆరోగ్యం, ఒంటి మీద గాయాలు" అని ఒక గడి. ఆ గడి ఊరికే పెట్టలేదు. మనిషిని గేటు దగ్గర నిలబెట్టి, చొక్కా విప్పించి, కళ్ళతో చూసి రాయాలి. దెబ్బలుంటే తీసుకొచ్చిన పోలీసు ఎదుటే రాసి సంతకం పెట్టించుకోవాలి. ఎక్కడ తగిలిన దెబ్బ ఎవరి ఖాతాదో తేల్చేది ఆ ఒక్క గడి.

మేమేం చేసేవాళ్ళమంటే, కోర్టు అయ్యాక ఖైదీల్ని సాయంత్రం ఆరింటికి తెచ్చేవారు. నా తిరువూరు బస్సు ఐదున్నరకు. హెడ్ వార్డరు తలలు లెక్కపెట్టి లోపలికి పంపి, కోర్టు కాగితాలు నా బల్ల మీద పెట్టేవాడు. మర్నాడు పదకొండింటికి కాఫీ తాగొచ్చి ఆ కాగితాలు చూసి ఎక్కించేవాణ్ణి. పుట్టుమచ్చలు కూడా కాగితంలోంచే. చివరి గడిలో పేజీ పైన మొదటి వరసకు మాత్రం "ఆరోగ్యం బాగు, గాయాలు లేవు" అని గుండ్రంగా రాసి, కింది వరసలన్నిటికీ రెండేసి చిన్న గీతలు పెట్టేవాణ్ణి. డిటో, అంటే పైన రాసిందే కిందా అని. నాకు పని నేర్పినాయన అలాగే పెట్టాడు, ఆయనకు నేర్పినాయనా అలాగే పెట్టి ఉంటాడు. ఏటా తనిఖీకి వచ్చిన దొరలు ఎర్ర సిరాతో టిక్కు కొట్టి వెళ్ళారు. చక్కటి దస్తూరీ అని ఒకాయన మెచ్చుకున్నాడు కూడా. ఆ పొగడ్తకు నేను వారం రోజులు పొంగిపోయాను, సిగ్గు లేకుండా.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు, మామిడికాయల రోజులు. పెనుగొలను వైపు ఊళ్ళలో ఒక ఆసామి తోటలో ఆయిల్ ఇంజన్ పోయింది. ఆ తోటలో కాయలు కోసే కూలీ ఒకణ్ణి పోలీసులు పట్టుకుపోయారు. ముప్పై ఏళ్ళ మనిషి, పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. నాలుగు రోజులు స్టేషన్లో ఉంచారు. ఐదో రోజు సాయంత్రం, అదే రోజు పట్టుకున్నట్టు కాగితం రాసి, కోర్టులో చూపించి మా జైలుకు పంపారు. నేను అప్పటికి బస్సులో ఉన్నాను.

మర్నాడు అతని వరస రాశాను. ఆ పేజీలో తొమ్మిదోది. రాస్తుండగా లోపల్నుంచి మూలుగు వినబడింది. హెడ్ వార్డర్ని పిలిచి "ఎవరది?" అన్నాను.

"రాత్రి వచ్చినోడండి. కడుపునొప్పంట. జైలు చూడగానే అందరికీ నొప్పులొస్తాయి లెండి" అన్నాడు.

సరేలే అనుకుని రెండు గీతలు పెట్టాను. ఆ మూలుగు వింటూనే పెట్టాను. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది, మీరు ఒక్క క్షణంలో చదివేశారు.

మూడో రోజు తెల్లవారేసరికి అతను చనిపోయాడు.

శవాన్ని కోసిన డాక్టరు చాలా తెలివైనవాడు. గాయాలున్నాయని రాశాడు. అవి చావుకు ఒకటి నుంచి ఐదు రోజుల ముందు తగిలి ఉండొచ్చని రాశాడు. అంటే స్టేషన్లో తగిలినా సరిపోతుంది, జైల్లో తగిలినా సరిపోతుంది. ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకోవచ్చు. పోలీసులు తీసుకున్నారు. జైలుకు అప్పగించినప్పుడు ఒంటి మీద గాయాలు లేవు, జైలు వాళ్ళ పుస్తకమే సాక్ష్యం అన్నారు. మరి ఎవరు కొట్టారు? అదే గదిలో ఎనిమిది రోజులుగా ఒక లారీ డ్రైవరు ఉన్నాడు. లారీ చెట్టుకు గుద్ది ఒకరి ప్రాణం పోయిన కేసు. తిరువూరు మనిషే, సాయిబుల కుటుంబం, మా ఇంటికి రెండు వీధుల అవతల. రాత్రి ఇద్దరూ గొడవపడ్డారని, డ్రైవరే కొట్టి చంపాడని కేసు రాసేశారు.

దానికంతటికీ ఆధారం నా రెండు గీతలు.

మా హెడ్ గుమాస్తా మంచివాడే. ఆ మాట కూడా రాయాలి. నాకు జ్వరమొస్తే తన ఇంటి నుంచి చారు పంపిన మనిషి. ఆయనే నన్ను పక్కకు పిలిచి, "ఖైదీని చూసే రాశానని వాంగ్మూలం ఇచ్చెయ్ వోయ్. చూడలేదంటే నీ ఉద్యోగం పోద్ది, మా అందరి పీకలమీదికొస్తది" అన్నాడు. తనే చెబుతూ ఉంటే నేను రాసి సంతకం పెట్టాను. దస్తూరీ మాత్రం చక్కగానే వచ్చింది.

చచ్చిపోయినవాడి భార్య ఊరుకోలేదు. కలెక్టరుకు అర్జీ, మంత్రికి అర్జీ, ఎవరికి పెట్టాలో చెప్పిన ప్రతివాళ్ళ మాటా విని అందరికీ పెట్టింది. ఎమర్జెన్సీ రోజుల్లో అయితే ఆ కాగితాలు ఎక్కడ పడేసేవాళ్ళో తెలీదు. అప్పుడప్పుడే గాలి మారింది కనుక డివిజన్ అధికారి చేత విచారణ వేశారు. సాక్షులు జంకకుండా ఉంటారని తిరువూరులో ట్రావెలర్స్ బంగళాలో పెట్టారు.

విచారణకు ముందు ఆదివారం మధ్యాహ్నం మా గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్ళు నిలబడ్డారు. ఒకావిడ చనిపోయిన మనిషి భార్య. రెండో ఆవిడ ఆ డ్రైవరు భార్య. ఒకావిడ మొగుణ్ణి ఇంకో ఆవిడ మొగుడు చంపాడని కేసు, వీళ్ళిద్దరూ కలిసి రావడమేమిటి? మా ఆవిడ చాప వేసి మంచినీళ్ళిచ్చింది. కూలీ మనిషి భార్య నీళ్ళు ముట్టలేదు.

"బాబుగారూ, నేను మొత్తుకోడానికి రాలా. ఒక్క మాట అడిగి పోదామని వచ్చా" అంది. "మీ పుస్తకంలో మా ఆయన ఒంటి మీద దెబ్బల్లేవని రాసుందంట గదా."

"ఆఁ, ఉందమ్మా."

"ఈవిడ ఆయన చెయ్యి గురించి ఏం రాశారు?"

"ఏ చెయ్యి?"

"కుడిచెయ్యి. మోచేతి పైనుంచి వేళ్ళ దాకా పిండికట్టు. ములాఖత్‌కి, ఆయన్ని చూడ్డానికొచ్చిన రోజున నేను చూశాగా. మా ఆయన్ని ఆ కట్టుచేతికి ఆనించుకుని ఎడంచేత్తో గంజి తాపిస్తన్నాడు. లారీ గుద్దిన రోజే విరిగిందంట. మీ జైలుకి ఆ కట్టుతోనే వచ్చాడంట. మరి ఏం రాశారు?"

డ్రైవరు భార్య కొంగు ముడి విప్పి ఆస్పత్రి చీటీ తీసింది. "ఇది అప్పటి చీటీ అన్నయ్యగారూ. కట్టు కట్టిన తేదీ ఉంది. ఎవరికి చూపించాలో తెలీక నా దగ్గరే పెట్టుకున్నా" అంది.

ఎనిమిది రోజులు, ఇరవై అడుగుల దూరంలో, చేతికి కొబ్బరిబోండాం అంత కట్టు ఉన్న మనిషి ఉంటే, నాకు తెలియదు. చదువురాని మనిషి ఒక్క ములాఖత్తులో చూసింది. నేను చూడలేదు. చూడాల్సింది నేను, జీతం తీసుకునేది నేను.

"రేపు చూసి చెబుతానమ్మా" అన్నాను.

"చూడండి. ఇప్పుడన్నా చూడండి" అని లేచింది.

సోమవారం రిజిస్టరు తీశాను. డ్రైవరుది అయిదో వరస. చివరి గడిలో రెండు గీతలు. విరిగిన చేతికి కూడా గాయాలు లేవు. నాకు మొదట వచ్చింది భయం, తర్వాత కోపం. హెడ్ గుమాస్తాకు చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత తన పెన్ను మూత తీసి నా చేతికిచ్చాడు.

"ఇందులో ఏముందోయ్. ఆ గీతల పక్కన 'కుడిచేతికి కట్టు' అని చిన్నగా చేర్చు. సిరా కూడా అదే. ఇక పుస్తకం నిక్కచ్చిగా ఉన్నట్టే."

పెన్ను పట్టుకున్నాను. గీతల పక్కన ఆ రెండు మాటలకు సరిపోయే జాగా ఉంది. రాస్తే నా ఉద్యోగం నిలుస్తుంది. పుస్తకం నిజమైపోతుంది. చెయ్యి విరిగినవాడికి విరిగిందని రాసిన గుమాస్తా, దెబ్బలున్నవాడికి దెబ్బలు రాయకుండా ఉంటాడా అంటారు. అంటే ఆ రెండు మాటలతో తొమ్మిదో వరస ఇంకా గట్టిపడుతుంది. ఆ కూలీని నేను రెండోసారి చంపినట్టు, డ్రైవర్ని మొదటిసారి. హెడ్ గుమాస్తాకు ఇదంతా తెలుసు. తెలిసే, చారు పంపినంత ప్రేమగా పెన్ను ఇచ్చాడు. అక్కడ నాకు నిజంగా తిక్క రేగింది.

"నేను రాయనండి" అన్నాను.

"పిల్లలు గలవాడివి."

"చచ్చిపోయినవాడికీ ఉన్నారండి."

పెన్ను ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఆ తర్వాత ఆయన నాతో సరిగ్గా మాట్లాడలేదు.

విచారణ రోజున బంగళా వరండాలో బెంచీల మీద కూర్చున్నాం. లోపల బల్ల వెనక అధికారి, సన్నగా, చిన్న వయసు. పక్కన కుర్చీలో ఇన్‌స్పెక్టరు. విచారణ ఎవరి మీదో ఆయనకే కుర్చీ వేశారు. ఆ ఇద్దరు ఆడవాళ్ళు మాత్రం గుమ్మం దగ్గర నిలబడ్డారు. డ్రైవర్ని తెచ్చారు. ఎడం చేతికి బేడీ. కుడిచేతి కట్టు మురికి పట్టి అంచులు రాలిపోతున్నాయి. అతన్ని నేను మొదటిసారి చూడటం అదే.

అధికారి నా వాంగ్మూలం చదివి, "ఖైదీల్ని చూసే రాశారా?" అన్నాడు.

"చూడలేదండి. ఈ ఒక్క మనిషినే కాదు, ఎవర్నీ చూడలేదు. ఏడేళ్ళుగా ఎవర్నీ చూడలేదు."

"చూశానని సంతకం పెట్టారు కదా."

"అబద్ధం రాశానండి."

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "ఇద్దరూ తిరువూరు వాళ్ళే సార్, చుట్టుపక్కల ఇళ్ళు. డ్రైవరు కోసం మాట మారుస్తున్నాడు."

"అయిదో వరస చూడండి సార్" అన్నాను. "అది ఈ డ్రైవరుది. గాయాలు లేవనే ఉంది. ఆ కట్టు చూడండి."

అధికారి రిజిస్టరు చూశాడు, కట్టు చూశాడు, ఇన్‌స్పెక్టర్ని చూశాడు.

"అది తర్వాత వేసింది సార్. జైల్లో జారిపడ్డాడు."

డ్రైవరు భార్య ముందుకొచ్చి చీటీ బల్ల మీద పెట్టింది. తేదీ చదివి అధికారి ఆ చీటీని పక్క కుర్చీ వైపు తిప్పాడు. ఇన్‌స్పెక్టరు కొంచెమైనా తడుముకోకుండా, "అయితే ఆ కట్టుతోనే కొట్టాడు సార్. రాయిలాగుంటది కదా" అన్నాడు.

అధికారి డాక్టరు కాగితం తీసి ఒక చోట వేలు పెట్టాడు. "అరికాళ్ళ మీద కూడానా?" అన్నాడు.

డ్రైవరు మెల్లగా, "ఆయన నడవలేకపోతన్నాడు సార్, వచ్చిన రాత్రే. నేనూ ఇంకొకాయనా మోసుకెళ్ళి పడుకోబెట్టాం" అన్నాడు.

అంతా తేలిపోయిందనుకున్నాను. అంత పిచ్చివాణ్ణి నేను. అధికారికి తెలిసిపోయింది, ఆయన కళ్ళలో కనబడింది. నన్ను పంపించేటప్పుడు, "మీకేం జరుగుతుందో తెలుసా?" అని కూడా అడిగాడు. తెలుసన్నాను.

ఉత్తర్వు రావడానికి ఏడు నెలలు పట్టింది. డ్రైవరు మీద హత్య కేసు ఎత్తేశారు, అదొక్కటే మంచి జరిగింది. ఇన్‌స్పెక్టర్ని ఇంకో చోటికి మార్చారు, తర్వాత పై ఉద్యోగమిచ్చారు. హెడ్ వార్డరు ఉన్న చోటే ఉన్నాడు. నన్ను సస్పెండు చేశారు. ఆ మనిషి చావుకు సంబంధించి శిక్ష పడింది ఈ దేశంలో నా ఒక్కడికే, అదీ పుస్తకం సరిగా రాయనందుకు. నాకు పడటం అన్యాయమని నేను అనను. నా ఒక్కడికే పడటం మాత్రం ఇప్పటికీ తల్చుకుంటే నెత్తురు మరుగుతుంది.

ఉత్తర్వు కాపీ పట్టుకుని ఆవిడ తిరువూరు వచ్చింది. పోస్టులో వచ్చిందట, చదివిపెట్టమంది. అప్పటికి నేను ఇంట్లోనే ఉంటున్నాను. అరుగు మీద కూర్చుని చదివాను. "రిజిస్టరు నమ్మదగినది కాదు కనుక మృతుని గాయాలు ఎక్కడ, ఎవరి వల్ల కలిగినవో నిర్ధారించుట సాధ్యం కాలేదు." నేను చెప్పిన నిజం డ్రైవర్ని బయటపడేసింది. అదే నిజాన్ని పట్టుకుని కొట్టినవాళ్ళూ బయటపడ్డారు.

"కొట్టినోళ్ళ పేర్లున్నాయా?" అంది.

"లేవమ్మా."

"ఎవరి పేరూ లేదా?"

"నా పేరుంది."

నన్ను ఎగాదిగా చూసింది. "మీకు పడాల్సిందేలే" అంది. జాలిగా కాదు, కోపంగా కూడా కాదు, ఉన్నమాట అన్నట్టు. ఉత్తర్వు నా చేతిలోంచి తీసుకుని మడిచింది.

"ఆ రోజు మీరు చూసుంటే ఏం రాసేవోళ్ళు?"

"ఉన్నది ఉన్నట్టు రాసేవాణ్ణమ్మా."

"అయితే ఇప్పుడు రాయండి. నేను చూశాగా. శవప్పెట్టెలో పెట్టకముందు ఒంటికి నీళ్ళు పోసింది నేనే. ఏది ఎక్కడుందో నాకు తెలుసు."

ఆ రోజు ఆవిడ చెప్పగా నేను రాసిన కాగితం నకళ్ళు ఎంతమందికి పంపానో లెక్కలేదు. ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఆవిడ వేలిముద్రతో పంపాం, తర్వాత నా సంతకంతో పంపాను. తగు చర్య నిమిత్తం ఫలానా ఆఫీసుకు పంపడమైనదని జవాబులొచ్చాయి. అవన్నీ అట్టపెట్టెలో ఉన్నాయి. అసలు కాగితం మాత్రం విడిగా దాచాను.

ఆవిడ ఉత్తర్వు తెచ్చిన ఆ మధ్యాహ్నం లోపలికెళ్ళి తెల్లకాగితం, రూళ్ళకర్ర తెచ్చుకున్నాను. ఏడేళ్ళ అలవాటు, గళ్ళు లేకపోతే చెయ్యి ఆడదు. రిజిస్టరులో లాగే గళ్ళు గీశాను. పేరు, తండ్రి పేరు, ఊరు రాశాను. చివరి గడి వెడల్పుగా ఉంచాను.

"చెప్పమ్మా."

"ఎడం అరికాలు. మడమ కాడ్నుంచి వేళ్ళ దాకా నల్లగా కమిలిపోయింది. వాచి ఉంది. బొటనవేలు గోరు లేదు."

రాశాను.

"కుడి అరికాలు కూడా అంతే."

నా చెయ్యి దానంతటదే కదిలింది. కింది వరసలో పెన్ను రెండుసార్లు పడింది. ఆవిడ ముందుకు వంగి కాగితం వైపు చూసింది.

"అంత పొడుగు చెప్తే రెండు గీతలు పెట్టారేంటండీ?"

ఆ గీతల్ని కొట్టేసి రాశాను. కుడి అరికాలు. మడమ నుంచి వేళ్ళ వరకు నల్లగా కమిలింది. వాచి ఉంది. బొటనవేలి గోరు లేదు. ఆవిడ చివరి అక్షరం దాకా చూసి, వెనక్కి జరిగి కూర్చుంది.

"ఇంకా ఉన్నాయి" అంది. "రాయండి."